రంగు పడని చోటు

మా వదిన కోర్టులో పనిచేస్తుందంటే ముందు లాయరనుకుంటారు, తరువాత టైపిస్టనుకుంటారు. రెండూ కాదు. ఆమె పని పేర్లు తీసేయడం. కుటుంబ తగాదాలు వినే కోర్టు అది. తీర్పు వచ్చాక దాన్ని ఎవరైనా చదువుకునేలా కోర్టువారి వెబ్‌సైట్లో పెట్టాలి. అలాగని ఎవరి కాపురం ఎలా చెడిందో, ఎవరి బిడ్డ ఎవరి దగ్గరికి చేరిందో ఊరికి తెలియకూడదు. ఈ రెండు ఆజ్ఞలూ ఒకే ఫైలు మీద పడతాయి. ఆ ఫైలు వచ్చి మా వదిన బల్ల మీద పడుతుంది.

ఆ గది నేను చూశాను. రెండో అంతస్తులో, మెట్ల పక్కన, ఒకప్పుడు విరిగిన కుర్చీలు పడేసిన గది. ఇప్పటికీ ఒక మూల రెండు కుర్చీలు కాళ్ళు పైకెత్తుకుని ఉంటాయి. కిటికీకి ముదురాకుపచ్చ కర్టెను వేలాడుతుంటుంది, అది నేను కుట్టిందే. ఎండ పడితే స్క్రీను మీద రంగులు తేడాగా కనిపిస్తాయని నా ప్రాణం తీసి మరీ కుట్టించుకుంది.

ఆమె వాడేది ముస్తాబులేమీ లేని ఎడిటరు. తెల్లటి పేజీ, నల్లటి అక్షరాలు, అంతే. పైనున్న చిన్న పెట్టెలో ఒక పేరు టైపు చేస్తే, తీర్పులో ఆ పేరు ఎక్కడెక్కడ ఉందో అక్కడల్లా రంగు పూసినట్టు వెలుగుతుంది. పేరు మొత్తం ఇవ్వనక్కరలేదు, మొదటి ముక్క ఇస్తే చాలు. వెనక కి, ని, తో అని ఏ తోక తగిలించినా పట్టేస్తుంది. అంకెలు వరసగా వస్తే అది ఫోను నంబరు, పట్టుకో అని చెప్పినా వింటుంది. వదిన ఒక్కొక్కరికి ఒక్కో రంగు పెట్టుకుంది. భార్యకు పసుపు, భర్తకు ఆకుపచ్చ, పిల్లలకు గులాబి, ఇళ్ళకూ బడులకూ నీలం. రంగు పడిన చోటికల్లా వెళ్ళి, చూసి, పేరు తీసి ‘పిటిషనరు’ అనో ‘ప్రతివాది’ అనో పెడుతుంది. పెట్టిన చోట రంగు ఆరిపోతుంది. పేజీలన్నీ మళ్ళీ తెల్లబడ్డాక ఫైలు ముందుకు కదులుతుంది.

“అన్నీ ఒకేసారి మార్చేసే మీట ఉంటుందిగా, ఒక్కొక్కటీ చూసుకుంటూ కూర్చోవడం ఎందుకు?” అని మా అన్నయ్య ఒకసారి తెలివిగా అడిగాడు. ఉంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో నొక్కింది కూడా. ఆ కేసులో భార్య పేరు, వెలుతురుకు వాడే మాట ఒకటే. మర్నాడు సూపరింటెండెంటు ఆమెను పిలిచి గదిలో అందరూ వినేలా చదివాడట: “ఉదయం కిటికీలోంచి పిటిషనరు మంచం మీద పడుతుండగా ప్రతివాది నిద్రలేచెను.” ఆ రోజు నుంచి ఆ మీట జోలికి పోలేదు. ముందు రంగు వేసి, తరువాత కళ్ళతో చూసి, ఆ తరువాతే చెయ్యి వేస్తుంది.

రంగులు వేశాక పేజీలు గబగబా కిందికి జరిపితే ఒక కాపురం చారలు చారలుగా కనిపిస్తుందని వదిన చెబుతుంది. మొదట పసుపు, ఆకుపచ్చ పక్కపక్కనే ఉంటాయట. తరువాత పేజీలకు పేజీలు ఒక్క ఆకుపచ్చే, అంటే ఆయన మాట్లాడుతున్నాడన్నమాట. ఆ తరువాత నీలం ఎక్కువవుతుంది, ఇళ్ళు మారుతున్నారు. గులాబి మాత్రం ఎక్కడో ఒకటీ అరా.

“పోట్లాట పిల్లల కోసమే కదా, మరి పిల్లల పేరు అంత తక్కువా?” అన్నాను.

“అందుకే కదా పోట్లాట” అంది వదిన.

ఆఫీసు గురించి ఆమె చెప్పేది ఈపాటి మాటలే. ఏ కేసు, ఎవరిది అన్నది ఆమె పెదవి దాటి రాదు. నేను గుచ్చిగుచ్చి అడగని రోజు లేదు. నాది ఊరుకునే నోరు కాదు. ఇంటి ముందు గదిలోనే నా కర్టెన్ల దుకాణం. కిటికీ కొలతలు తీయడానికి ఎవరింటికి వెళ్ళినా, కిటికీతో పాటు ఆ ఇంటి సంగతులు కూడా కొలిచి తెచ్చుకుంటాను. వదిన దగ్గర మాత్రం నా పప్పులు ఉడకలేదు. పైగా ఆ పని అలవాటై ఇంట్లో కూడా ఎవరినీ పేరుతో పిలవడం మానేసింది. పై వాటా ఆవిడ, గొడుగాయన, నీళ్ళ ట్యాంకరబ్బాయి, అంతే. పంపుసెట్లు బాగుచేసి చేతులనిండా గ్రీజుతో వచ్చే మా అన్నయ్య మీద కోపమొస్తే, “ప్రతివాదిగారు చేతులు కడుక్కుంటే భోజనం పెడతాను” అంటుంది. ఆయన కడుక్కుంటాడు.

ఇక నా సంగతి చెప్పాలి. నాకు ఎడమ కన్ను లేదు. చిన్నప్పుడు సైకిలు బ్రేకు తీగ బిగిస్తుంటే తెగి కొట్టింది. నాకు ఎడమవైపు లోకం లేదు. తలుపు అంచులు, స్తంభాలు, నవ్వుతూ పలకరించే చుట్టాలు, అన్నీ అటు నుంచి వస్తే నాకు తగిలాకే తెలుస్తాయి. వదిన పెళ్ళయి వచ్చిన కొత్తలో ఇద్దరం బజారుకు బయలుదేరాం. గుమ్మం దాటగానే ఆమె నా వెనకనుంచి చుట్టి వచ్చి ఎడమ పక్కన నడవసాగింది. ఎవరూ చెప్పలేదు. మా అమ్మకు కూడా ఎన్నోసార్లు చెప్పాల్సి వచ్చిన సంగతి అది. ఆ రోజు నుంచి ఇప్పటిదాకా ఆమె ఎప్పుడూ నా కుడివైపు నడవలేదు. ఆమెతో ఎంత పోట్లాడినా, లోపల ఈ ఒక్క విషయానికి నేను కరిగిపోతాను.

నాకు కన్ను చేసిపెట్టేది కళ్ళావిడ. ఊళ్ళో అందరూ ఆమెను అలాగే అంటారు, ఎందుకంటే ఆ పని చేసేది ఆమె ఒక్కతే. చుట్టుపక్కల ఊళ్ళ వాళ్ళు కూడా ఆమె దగ్గరికే రావాలి. మందుల దుకాణం మీది మేడలో ఆమె పనిగది. కిటికీ పక్కన కుర్చీ, ఎదురుగా బల్ల, బల్ల మీద చిన్న సానపట్టే చక్రం, అగ్గిపుల్లంత సన్నటి కుంచెలు. సొరుగు లాగితే వరసగా నల్లవీ, గోధుమరంగువీ, తేనెరంగువీ కంటిపాపలు మనల్నే చూస్తుంటాయి. తెల్లగుడ్డు మీద ఎర్రటి నరాలు ఆమె గీయదు. ఎర్ర పట్టుదారంలోంచి పీచు లాగి ఒక్కొక్కటే అతికిస్తుంది. ఆ దారం నా దుకాణం నుంచి వెళ్ళేదే. నా మంచి కన్నును చూస్తూ, చేసే కన్నుకు రంగు మీద రంగు వేస్తూ, గంటలకొద్దీ కూర్చుంటుంది. “నిన్న సరిగా నిద్రపోలేదు మీరు, తెలుపు ఎర్రబడింది. ఇవాళ వద్దు, రేపు రండి” అని పంపేసిన రోజులున్నాయి. చివర్లో పోలిక కుదిరిందో లేదో దగ్గర్నుంచి చూడదు. లేచి అవతలి గోడ దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి చూస్తుంది. “మనిషి పలకరించేంత దూరంలో కుదరాలి” అంటుంది. ఆమెకు బడికెళ్ళే కూతురుంది. భర్త ఆ ఇంట్లో ఉండటం లేదని మాత్రం నాకు తెలుసు.

ఒకరోజు ఆ కళ్ళావిడ తీర్పు మా వదిన బల్ల మీదికి వచ్చింది.

ఇదంతా నాకు అప్పుడు తెలియదు. తరువాత కొంత కళ్ళావిడే చెప్పింది. కొంత సూపరింటెండెంటు ఉద్యోగం నుంచి దిగిపోయాక, కూతురింటికి కర్టెన్లు కుట్టించడానికి వచ్చి నా దుకాణంలో కూర్చుని చెప్పాడు. అప్పటికి ఊరందరికీ తెలిసిన సంగతే కాబట్టి చెప్పాడు. వదిన చెప్పింది మాత్రం సున్నా.

కేసు పాప కోసం. పాప పుట్టిన కొత్తలో కళ్ళావిడ మనసు బాగా దెబ్బతింది. బిడ్డను ఎత్తుకోవాలంటే చేతులు వణికేవి. కొంతకాలం మనసుకు వైద్యం చేసే ఆస్పత్రిలో ఉండి, నయమై తిరిగివచ్చి, మళ్ళీ కుంచె పట్టుకుంది. ఇన్నేళ్ళ తరువాత భర్త దాన్నే పట్టుకుని కోర్టుకు వెళ్ళాడు. ఈమెకు ఓర్పు లేదు, ఈమె దగ్గర బిడ్డకు క్షేమం లేదు, నాకిప్పించండి అన్నాడు. జడ్జిగారు ఒప్పుకోలేదు. పాపను తల్లి దగ్గరే ఉంచారు. గెలిచిన కేసే అది. కానీ గెలిచిన తీర్పులో కూడా ఎదుటివాళ్ళు అన్న ప్రతి మాటా రాయాలి కదా. ఆస్పత్రి, అక్కడ మంచం, రాత్రిళ్ళు ఆమె అరిచిన అరుపులు, అన్నీ వరసగా రాసి ఉన్నాయి.

వదిన రంగులు వేసింది. పసుపు తీసింది, ఆకుపచ్చ తీసింది, గులాబి, నీలం అన్నీ తీసింది. పేజీలు తెల్లబడ్డాయి. నియమం ప్రకారం పని అయిపోయింది. ఈ పని చేసేవాళ్ళు మాత్రమే చేయగలిగే పొరపాటొకటి ఉంది: రంగు పడని చోట మనిషి ఉండదనుకోవడం. తెల్లటి పేజీ కనపడగానే చెయ్యి దానంతటదే ఫైలు మూయడానికి వెళుతుంది. వదిన కూడా మూసేసి భోజనానికి వెళ్ళిందట. క్యారియరు విప్పి, తినకుండా మళ్ళీ మూతపెట్టి తిరిగి వచ్చింది. ఫైలు తెరిచి, పై పెట్టెలో ఈసారి పేరు కాకుండా ‘కృత్రిమ నేత్ర’ అని టైపు చేసి, అప్పటిదాకా ఎవరికీ ఇవ్వని నారింజరంగు ఇచ్చింది. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా నారింజరంగు వెలిగింది. కృత్రిమ నేత్రాలు తయారుచేసే ప్రతివాది, కృత్రిమ నేత్రాల పనిగది, కృత్రిమ నేత్రాల పనిలో మునిగి. ఊళ్ళో ఆ పని చేసేది ఒక్కతే. పేరు పోయినా మనిషి పేజీ పేజీలోనూ కూర్చుని ఉంది.

వదిన సూపరింటెండెంటు దగ్గరికి వెళ్ళింది.

“పేరు, చిరునామా, ఫోను, బడి. ఈ నాలుగూ తీసేస్తే మన పని అయిపోయినట్టేనమ్మా” అన్నాడాయన.

“ఇది చదివితే ఎవరో తెలిసిపోతుంది సార్.”

ఆయన రెండు పేజీలు చదివాడు. ఆయన తమ్ముడికి కన్ను పెట్టించింది కూడా ఆ మేడ మీదే. “సరే, ఆ పనిని మార్చేసెయ్. ‘చేతివృత్తి’ అని పెట్టు, గొడవ వదిలిపోతుంది” అన్నాడు.

వదిన వెళ్ళి మార్చడం మొదలుపెట్టింది. ఒక్కో నారింజరంగు ముక్కా ఆరిపోతూ వచ్చింది. చివరి పేజీలకు వచ్చాక చెయ్యి ఆగిపోయింది. అక్కడ జడ్జిగారి వాక్యం ఉంది. ఆ పేజీ అచ్చు తీసి, కాగితం పట్టుకుని మళ్ళీ ఆయన దగ్గరికి వచ్చి చదివింది: “కృత్రిమ నేత్రాల పనిలో, ఒక అపరిచితుని కంటికి జోడు కుదిరేవరకు రంగు మీద రంగు వేస్తూ గంటల తరబడి కూర్చోగల వ్యక్తికి తన బిడ్డ దగ్గర ఓర్పు లేదనుట నమ్మదగినదిగా లేదు.”

“బాగా రాశారు” అన్నాడాయన.

“ఇప్పుడు కంటి ఊసు లేకుండా మార్చింది వినండి సార్. ‘చేతివృత్తిలో ఉన్న వ్యక్తికి తన బిడ్డ దగ్గర ఓర్పు లేదనుట నమ్మదగినదిగా లేదు.’”

సూపరింటెండెంటు తల గోక్కున్నాడు. “ఇలా చదివితే అసలావిడ ఎందుకు గెలిచిందో తెలియడం లేదే?”

“అదే సార్. ఉంచితే ఊరందరికీ తెలుస్తుంది. తీసేస్తే ఆస్పత్రి ఒక్కటే మిగులుతుంది.”

“మరి ఏం చేద్దామంటావ్?”

“ఇది మనం తేల్చేది కాదు సార్. ఆవిడని అడగాలి.”

కేసులోని పార్టీలను పిలిచి అడగడం ఆ ఆఫీసులో ఎన్నడూ లేదు. పేర్లు తీసే మనిషి పేరున్న మనిషిని చూడకూడదన్నది అక్కడి పద్ధతి. ఆయన గొణుక్కున్నాడు, విసుక్కున్నాడు, చివరికి జడ్జిగారికి రాసి అనుమతి అడిగాడు. అనుమతి రావడానికి కొంతకాలం పట్టింది.

సరిగ్గా ఆ మధ్యకాలంలోనే నా కన్ను ఒరుసుకుని నొప్పి పెట్టింది. ఏటా ఒకసారి సాన పట్టించాలి. ఎప్పుడూ వెళ్ళేది ఇద్దరమే. “రేపు వెళదాం వదినా” అంటే, చీర మడతపెడుతూ, నావైపు చూడకుండా, “నేను రాలేను. నువ్వెళ్ళిరా” అంది.

“ఎందుకు రాలేవు?”

“పనుంది.”

“ఎల్లుండి వెళదాం.”

“ఎల్లుండీ ఉంది.”

నాకు ఒళ్ళు మండింది. ఒక్కదాన్నే వెళ్ళాను. మేడ మీద కళ్ళావిడ నా కన్ను తీసి చక్రం మీద పెట్టి, “మీ వదినగారు రాలేదే?” అంది.

“పనుందట. కోర్టును ఆవిడే నడుపుతున్నట్టు” అన్నాను.

కళ్ళావిడ చక్రం మీద నుంచి చెయ్యి తీసింది. “ఆవిడ కోర్టులో కదూ పనిచేసేది” అంది మెల్లగా. నాకేమీ తట్టలేదు. తిరిగి వచ్చేటప్పుడు ఎడమవైపు ఎవరో గోడకు ఆనించిన నిచ్చెన భుజానికి కొట్టుకుంది. ఆ నొప్పికంటే పక్కన వదిన లేదన్న ఉక్రోషమే ఎక్కువ. ఇంటికి వచ్చి నోటికి వచ్చినదల్లా అన్నాను. ఇన్నేళ్ళూ పక్కన నడిచింది నాటకమా అన్నాను. ఆమె వేడినీళ్ళలో గుడ్డ ముంచి నా భుజానికి కాపడం పెట్టింది. “మీ ఇద్దరి కేసూ ఆ కోర్టుకే పంపిస్తాను, అప్పుడు ఆవిడే మీ పేర్లు తీసేసుకుంటుంది” అన్నాడు అన్నయ్య. ఆ తరువాత చాలా రోజులు నేను ఆమెతో మాట్లాడలేదు.

ఆమెకు వచ్చిన కష్టం ఏమిటో ఇప్పుడు తెలుస్తోంది. ఒక మనిషి రాత్రిళ్ళు ఎలా అరిచిందో చదివి, ఆ మనిషి ఎదుట ఏమీ ఎరగనట్టు కూర్చుని, నా కంటికి రంగు కుదిరిందా లేదా అని మాట్లాడటం ఆమె వల్ల కాలేదు. చదివానని చెప్పడం కూడా ఆమె చేతిలో లేదు. ఎవరితో చెప్పుకుంటుంది?

అనుమతి వచ్చింది. కళ్ళావిడకు కోర్టు నుంచి కబురు వెళ్ళింది. ఏ గదికి వెళ్ళాలో అడుగుతూ ఆమె మెట్లెక్కి, ఆ ముదురాకుపచ్చ కర్టెను ఉన్న గదిలోకి వచ్చి, మా వదినను చూసింది. వదిన లేచి నిలబడింది. “కూర్చోండి” అంది. ఇద్దరూ మొదటిసారి కలుసుకున్నట్టే మాట్లాడుకున్నారు.

“మీ వదినగారు నన్ను తెలిసినట్టు ఒక్క చూపు చూసి ఉంటే నేను లేచి వెళ్ళిపోయేదాన్ని. ఎరగనట్టు మాట్లాడారు. ప్రాణం కుదుటపడింది” అని కళ్ళావిడ తరువాత నాతో అంది.

వదిన స్క్రీను ఆమెవైపు తిప్పింది. నారింజరంగు పడిన పేజీలు ఒకవైపు, ‘చేతివృత్తి’ అని మార్చిన పేజీలు ఒకవైపు. “ఇలా ఉంచితే మీరెవరో తెలుస్తుంది. ఇలా మారిస్తే తెలియదు. కానీ జడ్జిగారు మీ గురించి రాసిన మాట పోతుంది. ఏది పెట్టాలో మీరే చెప్పాలి” అంది.

కళ్ళావిడ రెండూ చదివింది. చదివి లేచి, విరిగిన కుర్చీల మూలకు, అవతలి గోడ దాకా వెళ్ళి వెనక్కి తిరిగి చూసింది. అంత దూరం నుంచి అక్షరాలు కనపడవు. నారింజరంగు ఒక్కటే కనిపిస్తుంది, ఒక పక్క ఉంది, ఒక పక్క లేదు.

“ఆ రంగు లేనిది నేను కాదండీ” అంది అక్కడి నుంచే. “అందులో ఒక మంచముంది, ఒక అరుపుంది. ఆ మనిషెవరో నాకు తెలియదు. మొదటిదే పెట్టండి.”

“అందరికీ తెలుస్తుంది” అంది వదిన.

“తెలియనివ్వండి. నా దగ్గరికి వచ్చేవాళ్ళందరూ నా ముందు కన్ను తీసి కూర్చుంటారు. వాళ్ళకి లేని సిగ్గు నాకెందుకు?”

వచ్చి కూర్చుంది. కూర్చున్నాక గొంతు తగ్గించి అడిగింది: “జడ్జిగారు మా పాపతో విడిగా మాట్లాడారు. అదేం చెప్పిందో నాకెవరూ చెప్పలేదు. ఇందులో ఉందా?”

వదిన తటపటాయించింది. తీర్పు ఆమెదే, చదువుకునే హక్కు ఆమెకుంది. కానీ పాప పేరు ఎప్పుడో తీసేశారు, గులాబి ఎక్కడా లేదు, అంత పెద్ద తీర్పులో ఆ చోటు వెతకాలి. వదిన పై పెట్టెలో ‘అమ్మ’ అని టైపు చేసింది. పేజీలకు పేజీలు ఆమె ప్రతివాది, తల్లి, ఆమె, సదరు స్త్రీ. ‘అమ్మ’ అన్న మాట ఒక్క చోటే వెలిగింది, పాప మాట్లాడిన కొన్ని వరసల్లో.

కళ్ళావిడ చదివింది. మళ్ళీ చదివింది.

“ఇది తీసేయండి” అంది.

“ఇందులో మీకు చెరుపు చేసేది ఏమీ లేదు” అంది వదిన. “పైగా మీకు మంచిదే.”

“తెలుసు. అందుకే అడుగుతున్నాను. నా సంగతంతా నేను ఊరికి ఇచ్చేస్తున్నాను, అది నాది కాబట్టి. ఇది మాత్రం పాపది. జడ్జిగారి చెవిలో చెప్పుకున్న మాట. పెద్దయ్యాక ఇష్టమైతే అదే చెప్పుకుంటుంది, లేకపోతే లేదు.”

పేరు కాదు, చిరునామా కాదు, ఫోను కాదు, బడి కాదు. ఏ నియమం కిందికీ రాదు. అప్పటిదాకా గుమ్మం దగ్గర నిలబడి వింటున్న సూపరింటెండెంటు, “ఆ వరసలు తీసేసి ‘మైనరుతో మాట్లాడితిమి’ అని ఒక్క ముక్క ఉంచమ్మా. జడ్జిగారితో నేను మాట్లాడతాను” అన్నాడు. మాట్లాడాడు. జడ్జిగారు సరేనన్నారు.

తీర్పు బయటికి వచ్చింది. కొద్ది రోజులకే ఊరంతా కోడై కూసింది. నాకు కూడా అలాగే తెలిసింది. కర్టెను గుడ్డ చేతిలో పట్టుకుని ఒకావిడ, “విన్నారా, ఆ కళ్ళు చేసే మనిషి పిచ్చాస్పత్రిలో ఉండొచ్చిందట” అంది.

“నా ఎడమ కన్ను ఆవిడే చేసింది” అన్నాను కింది రెప్ప కిందికి లాగి చూపిస్తూ. “దగ్గరికొచ్చి చూడండి. పిచ్చిగా ఉందా?”

ఆవిడ గుడ్డ అక్కడే పెట్టేసి వెళ్ళిపోయింది. పోతే పోయింది. అయితే ఆవిడ వెళ్ళాక నేను మిషను ముందు కూర్చుని ఎంతసేపూ ఒక్క కుట్టు వేయలేకపోయాను. కోర్టు, తీర్పు, పనుందని నావైపు చూడకుండా చీర మడతపెట్టిన వదిన, అన్నీ ఒక్కసారిగా కలిసివచ్చాయి. ఆ సాయంత్రం ఆమె రాగానే ఏమీ అడగలేదు. “రేపు కళ్ళావిడ దగ్గరికి వెళదామా?” అన్నాను, చాలా రోజుల తరువాత.

“వెళదాం” అంది. మర్నాడు గుమ్మం దాటగానే వెనకనుంచి చుట్టి వచ్చి నా ఎడమ పక్కన నడిచింది.

పనిగదిలో కూర్చునేవాళ్ళు కొంచెం తగ్గారు. ఒకరిద్దరు మానేశారట, వాళ్ళలో ఒకాయన ఇంకెక్కడా దొరక్క తిరిగి వచ్చాడట. వదిన మందులు కొనాలని కిందికి దిగింది. మాకేమీ మందులు అక్కర్లేదు, మమ్మల్ని ఇద్దర్నీ వదలడానికే దిగింది. అప్పుడు కళ్ళావిడ జరిగినదంతా చెప్పింది. చెప్పడం అయ్యాక, “మీ వదినగారు మీకు ముందే చెప్పే ఉంటారు” అంది.

“లేదు. నేను మాట్లాడటం మానేసినా చెప్పలేదు.”

కళ్ళావిడ చక్రం ఆపేసింది. పైటచెంగుతో కళ్ళు తుడుచుకుంది. నాకూ కన్ను తడిసింది. ఉన్నది ఒక్కటే, అదే రెండింటి పనీ చేసింది.

అయినా నా నోరు ఊరుకుంటుందా? “పాప ఏమందేంటి?” అన్నాను.

“అది మాత్రం అడక్కండి” అని నవ్వేసి, ఎర్ర పట్టుదారంలోంచి పీచు లాగడం మొదలుపెట్టింది.

ఆదివారం మధ్యాహ్నం అన్నయ్య గురక పెడుతుంటే వదిన ఇంట్లో వాడుకునే కంప్యూటరు తెరిచి, కోర్టు వెబ్‌సైట్లో ఆ తీర్పు వెతికి చదివాను. మొత్తం చదివాను. ఆస్పత్రి ఉంది, మంచం ఉంది, అరుపులున్నాయి. వాటన్నిటి చివర జడ్జిగారి వాక్యం ఉంది. అది చదివేసరికి ముందు చదివిన అరుపులు కూడా వేరుగా వినిపించాయి, నొప్పి పడుతున్న మనిషి అరుపుల్లాగా. ఆ తరువాత, సిగ్గులేకుండా చెబుతున్నాను, వెతికే పెట్టెలో ‘అమ్మ’ అని టైపు చేశాను.

ఏమీ వెలగలేదు. మళ్ళీ చేశాను. పేజీలన్నీ జరిపి చూశాను. ఎక్కడా రంగు లేదు. అంత పొడుగు తీర్పు, ఒక తల్లి గురించి, ఒక బిడ్డ గురించి. అందులో ఆ ఒక్క మాట లేదు. లేకుండా ఉంచడానికి ఎంతమంది ఎంత జాగ్రత్తపడ్డారో.

ఎడమవైపు నుంచి వచ్చింది కాబట్టి వదిన వచ్చిన సంగతి నాకు తెలియలేదు. భుజం మీద చెయ్యి పడ్డాక చూశాను. ఆమె స్క్రీను వైపు చూస్తోంది. పెట్టెలో నేను టైపు చేసిన మాట ఉంది, కింద పేజీ తెల్లగా ఉంది. నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

“నీకైనా గుర్తుందా, వదినా, ఆ పాప అన్న మాట?” అని అడిగాను.

“ఏ మాట?” అంది వదిన, కళ్ళ నిండా నీళ్ళతో.